మన్రో దొర కథలో యుద్ధం ఏమైంది?

రాయలసీమలో థామస్ మన్రో పేరు వినని పల్లె అరుదు. మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి ఆయన ఒక్కడికే కనిపించి మాట్లాడాడని అంటారు. పాపాగ్ని కనుమలో, గండి క్షేత్రం దగ్గర, రాముడికి స్వాగతంగా వాయుదేవుడు కట్టిన బంగారు తోరణం ఆయన కంటపడిందనీ, అది చూసినవాళ్లు ఎంతోకాలం బతకరనీ, అందుకే పత్తికొండలో ప్రాణం వదిలాడనీ చెబుతారు. మా అత్తగారి ఊరు వేంపల్లె. శ్రావణ శనివారాల్లో గండికి పోయినప్పుడల్లా ఆ తోరణం కథ ఎవరో ఒకరి నోట వినాల్సిందే. బిడ్డలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్న ఇళ్లుండేవి. ఆయనను మాండవ్య ఋషి అన్నవాళ్లూ ఉన్నారు. ఈ కథలన్నింట్లో ఆయన కలెక్టరు దొర. చేతిలో దస్త్రం ఉంటుంది, పక్కన కరణం ఉంటాడు. కత్తి మాత్రం ఎక్కడా ఉండదు. నా అభ్యంతరం అక్కడే.

నేను రెవెన్యూ శాఖలో గుమాస్తాగా చేరి డిప్యూటీ తహసీల్దారుగా రిటైరైనవాణ్ణి. పత్తికొండ, ఆలూరు, కోవెలకుంట్ల తాలూకాల అడంగళ్లు, ఎఫ్ఎంబీలు, జమాబందీల మధ్యే, అంటే సాగు లెక్కలు, పొలం కొలతలు, ఏటేటా తేల్చే శిస్తుల మధ్యే, నా ఉద్యోగమంతా గడిచింది. మా తాత కరణం. ఆ లెక్కలకు దారి వేసింది మన్రో దొర అని ఇంట్లో వింటూ పెరిగాను. ఆయన మీద నాకు గౌరవం ఉంది, ఎందుకో తర్వాత చెబుతాను. అయితే ఆయన ముందు సైనికుడు, చివరికి మేజర్ జనరల్. ఆ సంగతి పక్కన పెడితే మన భూముల లెక్క ఎందుకు అలా పుట్టిందో అర్థం కాదు. సీమ రైతు కట్టిన శిస్తు ఈస్ట్ ఇండియా కంపెనీ సైన్యానికి జీతం. ఈ మాట పత్తికొండలో గానీ, కడపలో గానీ నలుగురికీ కనిపించేలా రాసిపెట్టాలని నేను అడుగుతున్నాను.

మన్రో 1761లో గ్లాస్గోలో పుట్టాడు. తండ్రిది వర్జీనియాతో పొగాకు వ్యాపారం. అమెరికా స్వాతంత్ర్య యుద్ధం ఆ వ్యాపారాన్ని ముంచేసింది. కొడుకు కంపెనీ సైన్యంలో క్యాడెట్‌గా చేరి 1780 జనవరిలో మద్రాసులో దిగాడు. ఆ ఏడాదే హైదర్ అలీ కర్ణాటకం మీదికి దిగాడు. సెప్టెంబరులో పొల్లిలూరు దగ్గర కల్నల్ బెయిలీ దళం తుడిచిపెట్టుకుపోయింది. దానికి ఆసరాగా పోవాల్సిన సేనాపతి హెక్టర్ మన్రో, ఇంటిపేరు ఒకటే గానీ చుట్టరికం లేదు, పెద్ద ఫిరంగులను కాంచీపురం చెరువులో పడేసి మద్రాసు వైపు వెనుదిరిగాడు. ఆ వెనుదిరిగిన దండులో మన పంతొమ్మిదేళ్ల కుర్రవాడు ఉన్నాడు. ఆ తర్వాత ఐర్ కూట్ కింద పోర్టోనోవో, షోలింగర్ యుద్ధాలు చూశాడు. గెలిచిన చోట కూడా సైన్యం ముందుకు కదలలేని పరిస్థితి. గింజలు లేవు, లాగే ఎద్దులు లేవు. హైదర్ గుర్రపు దళం చుట్టుపక్కల ఊళ్లను ఊడ్చేసేది. యుద్ధం గెలవాలంటే ముందు పల్లెలో గింజ ఎవరి చేతిలో ఉందో తెలియాలన్న పాఠం మన్రోకు ఆ దారుల మీదే ఒంటబట్టిందని నా నమ్మకం. ఆ తర్వాత ఆయన చేసిన పనులన్నీ ఆ పాఠానికి సరిపోతాయి.

1788లో కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్ కింద వేగు విభాగంలో చేరాడు. టిప్పుతో మూడో మైసూరు యుద్ధం ముగిశాక, 1792 నుంచి ఏడేళ్లు అదే రీడ్ దగ్గర సేలం ప్రాంతపు బారామహల్‌లో శిస్తు వసూలు చేశాడు. రైతుతో నేరుగా లెక్క తేల్చుకునే రైత్వారీ అక్కడ మొలకెత్తింది. దాన్ని మొలకెత్తించిన ఇద్దరూ సైనికాధికారులే. 1799లో శ్రీరంగపట్నం పడింది. మైసూరు రాజ్యాన్ని పంచే కమిషన్‌కు మన్రో, జాన్ మాల్కం కార్యదర్శులు. కొన్నాళ్లు కెనరాలో కలెక్టరు. ఆపైన మన దగ్గరికి వచ్చాడు.

వచ్చింది ఎలాగో గుర్తుపెట్టుకోవాలి. 1800 అక్టోబరులో నిజాముకూ కంపెనీకీ ఒప్పందం కుదిరింది. హైదరాబాదులో కంపెనీ ఉంచే సైన్యానికి అయ్యే ఖర్చు కింద, మైసూరు యుద్ధాల్లో తన వాటాకు వచ్చిన బళ్లారి, అనంతపురం, కడప సీమలను నిజాం కంపెనీకి రాసిచ్చాడు. ఆ సీమలకే దత్తమండలాలని పేరు. ఇప్పటి కర్నూలు జిల్లాలోని పత్తికొండ, ఆదోని, నంద్యాల జిల్లాలోకి పోయిన కోవెలకుంట్ల అందులోవే. కర్నూలు పట్నం, నంద్యాల వైపు మాత్రం 1839 దాకా నవాబు కింద ఉన్నాయి. అంటే రేగడి చేలో కొర్ర చల్లిన రైతుకు గానీ, ఏటి పక్క మడి కట్టుకున్న రైతుకు గానీ తెలియకుండానే, వాళ్ల పంటలో భాగం హైదరాబాదులోని సిపాయిల జీతం బత్తేలకు ముందే కేటాయింపయింది. మన్రో ఆ డబ్బు రాబట్టడానికి వచ్చిన సైనికాధికారి.

ఆయన ఒంటరిగా రాలేదు. మేజర్ జనరల్ డూగల్డ్ క్యాంప్‌బెల్ సైన్యం వెంట ఉంది. ఆ సీమలో ఎనభైమంది పాలెగాళ్లు, వాళ్ల వెనుక ముప్పై వేల మంది బంట్లు ఉన్నట్టు లెక్క కట్టారు. పాలెగాళ్లు పుణ్యాత్ములని నేను అనను. వాళ్ల దోపిడీ కథలు కూడా మా ఇళ్లలో ఉన్నాయి. కానీ వాళ్లను తీసేసిన తీరు చూడండి. కొందరి మీద మోయలేనంత పేష్కస్, అంటే కప్పం, వేశారు. కట్టలేక తిరగబడితే సైన్యం పోయింది, పారిపోతే పాలెం పోయింది, లొంగితే పింఛను. ఏడాది తిరిగేసరికి చాలామంది పని అయిపోయింది. లండన్‌లోని కంపెనీ డైరెక్టర్లకే ఇది నచ్చలేదు. 1804లో మన్రోను తప్పుపడుతూ రాశారు. మద్రాసు ప్రభుత్వం ఆయనను వెనకేసుకొచ్చింది. ఆయన కూడా చేసినదానికి వెనక్కి తగ్గలేదు.

పాలెగాళ్ల సంగతైనా పుస్తకాల్లో దొరుకుతుంది. తెర్నేకల్లు సంగతి చెప్పేవాళ్లు తక్కువ. పత్తికొండకు పక్కనే, దేవనకొండ మండలంలో ఉంది ఆ ఊరు. 1801లో ఆ ఊరు శిస్తు కట్టనంది. ముందుండి నడిపినవాడు ముత్తుకూరు గౌడప్ప అని ఊళ్లో చెబుతారు. వసూలుకు వచ్చిన అధికారిని చంపారు. ఆ డిసెంబరులో కంపెనీ దళం ఊరి కోట మీద పడింది. మొదటి దాడిని కోటలోనివాళ్లు తిప్పికొట్టారు. దొరల పక్షాన కూడా ప్రాణాలు పోయాయి. తర్వాత అదనపు బలగం, ఫిరంగులు తెప్పించి కోట పట్టారు. గౌడప్పను ఉరితీశారని ఊరి జ్ఞాపకం. నేను పత్తికొండలో పనిచేసేటప్పుడు ఆ ఊరి పెద్దాయన ఒకరు పొలం తగాదా మీద ఆఫీసుకు వచ్చేవాడు. పని అయిపోయాక కూచోబెట్టుకుని ఆ కథ అడిగేవాణ్ణి. మన్రో పేరు ఎత్తితే ఆయన ముఖం గంటు పెట్టుకునేవాడు. "మా ఊరికి ఆయన రుసీ కాదు, దేవుడూ కాదు సారూ" అనేవాడు. మంత్రాలయం, తెర్నేకల్లు రెండూ ఇప్పుడు ఒకే జిల్లాలో ఉన్నాయి. ఒకచోట చెప్పే కథ ఊరూరా తిరిగింది. ఇంకోచోట చెప్పే కథ ఊరి పొలిమేర దాటలేదు. కారణం వెతకడానికి దూరం పోనక్కరలేదు. మొదటి కథలో దొర వచ్చి దణ్ణం పెట్టాడు. రెండో కథలో దొర మనుషులు ఫిరంగులతో వచ్చారు. మహిమ కథ చెప్పుకోవడంలో ఎవరికీ నొప్పి లేదు.

ఇంత చేసినవాడి మీద గౌరవం ఎందుకంటే, ఆ తర్వాతి ఏళ్లు చూడండి. ఆదోని, కడప, కంభం, హర్పనహళ్లిల్లో నలుగురు సహాయకులను పెట్టి, తాను డేరాల్లో ఊరూరా తిరిగాడు. 1802లో సర్వే మొదలైంది. 33 అడుగుల గొలుసు, దాని చదరం ఒక కుంట, నలభై కుంటలు ఎకరా. భూమి కొలవడం తెలిసిన గుమాస్తాలు మొదట్లో పట్టుమని పదిమంది లేరు. పని చేస్తూనే మిగతావాళ్లు నేర్చుకున్నారు. ప్రతి చెలకనూ మడినీ విడిగా కొలిచి, నేల రకం చూసి, రైతు పేరు రాసి, శిస్తు కట్టారు. అంతకుముందు రెడ్డి, కరణం ఎంత చెబితే అంత. మా తాత కరణమే అయినా ఈ మాట రాయక తప్పదు. పేద రైతుకు తన పొలం తన పేరున కాగితం మీద కనిపించడం చిన్న సంగతి కాదు. నేను ఉద్యోగంలో ఉండగా చుక్కల భూముల అర్జీలు పట్టుకుని తిరిగిన ముసలివాళ్లను చూశాను. సర్వే రికార్డులో పేరు ఉండాల్సిన గడిలో చుక్కలున్న పాపానికి తాతల నాటి పొలం అమ్ముకోలేక, బ్యాంకులో పెట్టుకోలేక వాళ్లు పడ్డ యాతన చూస్తే, ఆ గడిలో పేరుకు ఉన్న విలువ తెలుస్తుంది.

కానీ ఆ పేరు పక్కన వేసిన అంకె మాటేమిటి? ఏడేళ్లలో శిస్తు దాదాపు ఒకటిన్నర రెట్లయింది. మధ్యలో 1803 మొదలుకొని వానలు తప్పాయి. సరిగ్గా ఆ 1803లోనే మరాఠాలతో యుద్ధం. ఆర్థర్ వెల్లెస్లీ, తర్వాత వాటర్లూలో నెపోలియన్‌ను ఓడించి వెల్లింగ్టన్ డ్యూక్‌గా పేరుకెక్కినవాడు, దక్కనులో సైన్యం నడుపుతున్నాడు. ఆ సైన్యానికి గింజలు, ఎద్దులు పంపే ఏర్పాట్లలో మన్రోది పెద్ద చెయ్యి. వాళ్లిద్దరూ స్నేహితులు. అస్సాయి యుద్ధం గెలిచాక, తానెందుకు అలా దాడి చేశాడో వివరిస్తూ వెల్లెస్లీ మన్రోకే పెద్ద ఉత్తరం రాశాడు. కలెక్టరుకు ఒక సేనాపతి తన వ్యూహాన్ని సమర్థించుకుంటూ రాయడం విచిత్రంగా కనిపిస్తుంది. అందుకున్నవాడు కూడా సైనికుడే కాబట్టి ఆ ఉత్తరం నడిచింది. వాన లేని ఏడు మన పల్లెల నుంచి ఎద్దులూ గింజలూ కదిలిన సంగతి అస్సాయి గురించి రాసినవాళ్లు ఒక వాక్యంలో దాటేస్తారు. సీమలో పుట్టినవాడికి ఆ వాక్యం దగ్గర ఆగక తప్పదు.

మన్రోలోని నిజాయతీ 1807లో బయటపడింది. సెలవు మీద బ్రిటన్‌కు పోయే ముందు, ఆగస్టులో, ఆయన రెవెన్యూ బోర్డుకు ఒక నివేదిక రాశాడు. తాను వేసిన శిస్తు మొత్తం పంటలో సుమారు నూటికి 45 వంతులు పడుతోందనీ, అది ఎక్కువనీ ఒప్పుకున్నాడు. అన్ని భూముల మీదా నాలుగో వంతు తగ్గించమన్నాడు. బావుల కింద, ఏటి నీళ్లు తోడుకుని పండించే భూముల మీద, ఆ బావులనూ కట్టలనూ రైతే బాగుచేసుకునే షరతుతో, మూడో వంతు తగ్గించమన్నాడు. సీమలో సాగు నిలవాలంటే సొంత ఖర్చుతో బావి తవ్వే రైతును ఆదుకోవాలని 1807లోనే ఒక తెల్ల సైనికుడికి తట్టింది. బోర్వెల్ మీద బోర్వెల్ వేసి అప్పులపాలైన రైతులను చూసినవాణ్ణిగా ఆ నివేదికలో ఆ భాగం దగ్గర నాకు కళ్లు చెమర్చాయి.

అది అప్పుడు అమలు కాలేదు. కంపెనీ రాబడి తగ్గడానికి సిద్ధంగా లేదు. రైత్వారీని పక్కన పెట్టి 1808లో మూడేళ్లకు, ఆ తర్వాత పదేళ్లకు ఊళ్లను గుత్తకిచ్చారు. గుత్తదార్లు అటు ఊళ్లనూ పీల్చి, ఇటు తామూ చితికిపోయారు. మన్రో తానే మద్రాసు గవర్నరుగా తిరిగి వచ్చిన 1820 దాకా ఆ తగ్గింపు అందలేదు. పదమూడేళ్లపాటు సీమ రైతు, వేసినవాడే ఎక్కువని ఒప్పుకున్న భారాన్ని మోశాడు. ఆ పదమూడేళ్లలో కంపెనీ నేపాలుతో యుద్ధం చేసింది, పిండారీలతో చేసింది, మరాఠాలతో చివరి యుద్ధం చేసింది.

ఆ చివరి మరాఠా యుద్ధంలోనే మన్రోకు సేనాపతిగా పేరొచ్చింది. 1817లో బ్రిగేడియర్ జనరల్‌గా ధార్వాడ వైపు దిగినప్పుడు ఆయన చేతిలో ఉన్నది కొద్ది దళాల సిపాయిలు మాత్రమే. ఆయన చేసిన పని ఏమిటంటే, శత్రువు జిల్లాలకు తన అమల్దార్లను, అంటే శిస్తు అధికారులను, తానే నియమించాడు. ఊళ్లలో బంట్లను కూడగట్టమన్నాడు. పీష్వాకు పోయే శిస్తును ఆ అమల్దార్లే వసూలు చేశారు. ఆ డబ్బుతోనే బంట్లకు జీతాలిచ్చాడు. పెద్ద సైన్యం లేకుండా తాలూకా వెంట తాలూకా చేతికొచ్చింది. బాదామి పడింది. 1818 ఏప్రిల్‌లో బెళగావి, మే నెలలో సోలాపూర్ పడ్డాయి. మరుసటి ఏడు బ్రిటిష్ పార్లమెంటులో జార్జ్ క్యానింగ్ ఆయనను ఆకాశానికెత్తాడు. ఆ విద్య చాలావరకు మన దగ్గర నేర్చిందే. ఊరి రెడ్డి ఎవరి మాట వింటాడు, కరణం లెక్క ఎక్కడ దాస్తాడు, బంటుకు ఎంతిస్తే వస్తాడు అన్నవి బారామహల్‌లో మొదలుపెట్టి కడప, ఆదోని డేరాల్లో ఆయనకు వంటబట్టాయి. జమాబందీ చేయడం తెలిసినవాడు కోటలు పట్టడం అక్కడ కనిపిస్తుంది.

గవర్నరుగా ఉండగా మళ్లీ యుద్ధం. 1824లో బర్మా మీద దండయాత్ర మొదలైంది. రంగూనులో దిగిన బలగంలో ఎక్కువ భాగం మద్రాసు సైన్యానిది. అందులో తెలుగు సిపాయిలు చాలామంది. బెంగాలు సిపాయిలు బారక్‌పూర్‌లో ఎదురు తిరిగితే తూటాలకు బలయ్యారు. మద్రాసు నుంచి మనుషులూ సరుకులూ ఓడల మీద పోతూనే ఉన్నాయి. వాళ్లను పంపినవాడు మన్రో. అంతకుముందే ఇంటికి పోతానని రాజీనామా రాసినవాడు, యుద్ధం వచ్చిందని ఆగిపోయాడు. అందుకే 1825లో బారొనెట్ బిరుదు ఇచ్చారు. ఆ యుద్ధం ముగిసి, కొత్త గవర్నరు వచ్చేలోపు, ఒకప్పుడు తాను తిరిగిన సీమను చివరిసారి చూడాలని 1827 మే నెలాఖరులో మద్రాసు నుంచి బయలుదేరాడు. అనంతపురం మీదుగా గుత్తికి వచ్చాడు. వెంట ఉన్నవాళ్లకు కలరా సోకింది. జులై 6 పొద్దున పత్తికొండ చేరాడు. ఆ రాత్రికే పోయాడు. గుత్తిలో పూడ్చిపెట్టి, 1831లో ఎముకలను మద్రాసు కోటలోని సెయింట్ మేరీస్ చర్చికి తరలించారు. పత్తికొండలో ప్రభుత్వం ఆయన పేరు మీద బావి తవ్వించి తోపు పెంచింది. పంటబావికి పన్ను తగ్గించమన్నవాడికి బావి కట్టడం తగిన పనే.

ఆయన ఏర్పాటు ఎక్కడికి దారితీసిందో చూడాలంటే ఇంకో ఇరవై ఏళ్లు ముందుకు పోవాలి. పింఛను మీద పెట్టిన పాలెగాళ్ల కుటుంబాల్లో నొస్సం వాళ్లు ఒకరు. వారసుడు పోయాక ఆ పింఛను ఆగింది. దౌహిత్రుడు ఉయ్యాలవాడ నరసింహారెడ్డికి దక్కింది తండ్రి వైపు నుంచి వచ్చే నెలకు పదకొండు రూపాయల చిల్లర. 1846లో ఆయన కంపెనీ మీద తిరగబడినప్పుడు వెంట నడిచినవాళ్లలో ఇనాములు, మాన్యాలు పోగొట్టుకున్న కట్టుబడి బంట్లు, అంటే ఊరి కాపలాదార్లు, ఉన్నారు. కోవెలకుంట్ల ఖజానా మీద పడ్డారు. 1847 ఫిబ్రవరి 22న అదే కోవెలకుంట్లలో ఆయనను ఉరితీశారు. సినిమా వచ్చాక నరసింహారెడ్డి పేరు దేశమంతా తెలిసింది. ఆ సినిమా చూసి వచ్చిన మా మనవడు, ఆ పింఛను మొదట ఎవరు పెట్టారని అడిగాడు. మన్రో దొర హయాంలో అన్నాను. "మంత్రాలయం మన్రోనా తాతా?" అన్నాడు. ఒకే మనిషి అని వాడికి అంతవరకు ఎవరూ చెప్పలేదు.

ఆ ఒకే మనిషిని మన పిల్లలకు చూపించాలని నేను కోరుతున్నాను. కథలు తీసేయమని అనడం లేదు. మంత్రాలయం కథ మంత్రాలయంలో ఉండనివ్వండి, గండి తోరణం గండిలో ఉండనివ్వండి. తెర్నేకల్లు కోట దగ్గర 1801 డిసెంబరులో ఏం జరిగిందో రాసిన రాతిపలక ఒకటి వేయాలి. పత్తికొండలో ఆయన పోయిన తేదీతో పాటు 1807 నివేదిక సారాంశం కూడా తెలుగులో చెక్కించాలి. కర్నూలు, కడప, నంద్యాల జిల్లాల హైస్కూలు పిల్లలకు స్థానిక చరిత్ర కింద ఈ రెండూ చెప్పాలి.

ఇంకో పని కడపలో జరగాలి. మన్రో గవర్నరుగా వచ్చిన 1820లోనే సి.పి. బ్రౌన్ ఉద్యోగానికి కడప వచ్చాడు. ఆయన పేరు మీద వెలసిన భాషా పరిశోధన కేంద్రం ఇప్పటికే కడప సీమ కైఫీయత్తులను అచ్చు వేసి మనకిచ్చింది. ఊరి కరణాలు చెప్పిన చరిత్ర అది. దానికి ఎదురుగా పెట్టుకు చదవాల్సిన దత్తమండల కలెక్టరు ఉత్తరాలు చెన్నైలోని తమిళనాడు ఆర్కైవ్స్‌లోనూ, మన్రో సొంత కాగితాలు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలోనూ ఉన్నాయి. 1800 నుంచి 1807 వరకు ఉన్న ఉత్తరాలనైనా తెలుగు చేయించి అచ్చు వేయడానికి ప్రభుత్వం ఆ కేంద్రానికి డబ్బివ్వాలి. రెవెన్యూ మాటలు తెలిసిన రిటైర్డు ఉద్యోగులు మా జిల్లాల్లో ఇంకా ఉన్నారు, పిలిస్తే వస్తాం. మొదటి సంపుటంగా తెర్నేకల్లు ఉత్తరాలు తీసుకోవాలి.